వాహన చౌర్యము, బీమా : ఒక తగవు చరిత్ర

నిజాంసాగరము చూడబోయినవారందరు మొదట నీటిని చూతురు. అది సహజమే. కాని ఈసారి మేము కట్ట మీద నిలిచి నీటి కంటె బాటనే ఎక్కువసేపు చూచితిమి. మంజీరా నదిపై అచ్చంపేట, బంజపల్లి గ్రామముల నడుమ 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన ఆ రాతికట్ట పొడవు సుమారు 3 కిలోమీటర్లు. దానిపై 14 అడుగుల వెడల్పున మోటారు నడచుటకు తగిన బాట కలదు. ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖానుగారి కాలమున, నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరుగారు ఈ కట్టను కట్టించునాటికి ఆ బాటపై నడువవలసిన మోటారు బండ్లు ఈ ప్రాంతమున ఎన్ని యుండెనో ఊహించుకొనుడు. బహుశః చేతివ్రేళ్ళు చాలియుండును.

మోటారు వచ్చుచున్నదనగానే పిల్లలు వీధిలోనికి పరుగెత్తిన రోజులవి. బండి ఎవరిదో పది ఊళ్ళవారికి తెలియును. అట్టి బండిని ఎత్తుకొనిపోయినవాడు దానిని ఎక్కడ దాచగలడు? పెట్రోలు ఎవరిని అడిగి పోయించుకొనగలడు? ఆ కాలపు దొంగ చీకటి రాత్రి ఎద్దులను తోలుకొనిపోయెడివాడే గాని మోటారు జోలికి పోవుట అరుదు. కట్ట ముగిసిన మరుసటి సంవత్సరమే, 1932లో, నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో పని ఆరంభించినది. ఐదేండ్లు గడచిన తరువాత నిజాంసాగరపు నీటితో పండిన చెరకును నమ్ముకొని బోధనులో చక్కెర కర్మాగారము వెలసినది. చెరకు బండ్ల వెనుక లారీలు, లారీల వెనుక ట్రాక్టర్లు వచ్చినవి.

ఇప్పుడు బాన్సువాడలో ఏ బ్యాంకు ముందు నిలిచినను మోటారు సైకిళ్ళు వరుసలు తీరి కనిపించును. కాలువ క్రింద వరికోతల కాలమున ట్రాక్టరు చప్పుడు లేని వీధి యుండదు. వీనిలో అనేకము అప్పుపై కొన్నవి. పొలము గట్టున రాత్రి నిలిపిన ట్రాక్టరు తెల్లవారునప్పటికి లేకపోయినచో రైతుకు పోయినది యంత్రము మాత్రమే కాదు. ఆ యేటి దుక్కి పోయినది, అద్దె దున్నకముల రాబడి పోయినది. బ్యాంకు వాయిదా మాత్రము ఎక్కడికిని పోదు. అప్పుడు ఇంటిల్లిపాది చెప్పుకొను ధైర్యము ఒక్కటే: బీమా యున్నది కదా!

ఆ ధైర్యమునకు ఆధారమెంత? దీనిని తెలిసికొనవలెనన్న పాలసీ కాగితములోని ఒక చిన్న మాట చుట్టు మన దేశమున దాదాపు పాతికేండ్లు నడచిన తగవును తెలిసికొనవలెను. ఆ మాట ‘తక్షణము’. బండి పోయినప్పుడు తక్షణము తెలియజేయవలెను. నిజమే. ఎవరికి? చిక్కంతయు అక్కడనే యున్నది. దాని కడకు పోవుటకు ముందు రెండు మూడు పాత సంగతులు చెప్పక తప్పదు.

మొదటిది, చౌర్యమన నేమి యను ప్రశ్న. పాత ఇంగ్లీషు న్యాయము ప్రకారము ఒక వస్తువును యజమానికి శాశ్వతముగా లేకుండ చేయవలెనను తలంపు ఉన్నప్పుడే అది దొంగతనము. గొడ్డుగోదకు, వెండిచెంబులకు ఈ సూత్రము చక్కగా సరిపోయినది. మోటారు రాగానే చిక్కు వచ్చినది. యువకుడొకడు వీధిలో నిలిపిన కారును తీసికొని రాత్రియంతయు విహరించి, ఉదయమునకు ఊరి చివర విడిచిపోయినాడు. వాడు దొంగయా? శాశ్వతముగా ఉంచుకొను తలంపు తనకు లేదని వాడు వాదించును. అట్టివారిపై కాలిపోయిన పెట్రోలును దొంగిలించిరని కేసు పెట్టెడివారని చెప్పుదురు. బండిని తీసికొనిపోయినవాడు బండికి దొంగ కాడట, పెట్రోలుకు దొంగయట! తుదకు 1930 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టమున, యజమాని సమ్మతి లేక వాహనమును తీసికొనిపోవుటయే ఒక ప్రత్యేక నేరమని బ్రిటిషువారు వ్రాసికొనవలసి వచ్చినది.

మన దేశమున ఈ చిక్కు లేకపోవుట విశేషము. మెకాలే అధ్యక్షతన 1837లో సిద్ధమైన ముసాయిదా ఆధారముగా 1860లో చేసిన భారత శిక్షాస్మృతి 1862 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని 378వ సెక్షనులో ‘శాశ్వతముగా’ అను మాట లేదు. ఒకరి స్వాధీనములోని వస్తువును వారి సమ్మతి లేక, దురుద్దేశముతో కదల్చిన చాలును. హైదరాబాదు సంస్థానమునకు ఈ స్మృతి 1951లో, సంస్థానము దేశమున కలిసిన పిమ్మట విస్తరించినది. ఈ భేదమెంత గొప్పదో 1957లో సుప్రీం కోర్టు తీర్పు ఒకటి తేల్చి చెప్పినది. ఆ కేసులో పోయినది కారు కాదు, లారీ కాదు, విమానము. 1952 మే 14న జోధపూరు విమానదళ శిక్షణాలయమునకు చెందిన శిక్షణార్థి యొకడు అనుమతి లేని హార్వర్డు విమానమునెక్కి, ఎగురవేసికొని పోయి పాకిస్తాను భూమిపై దించినాడు. తరువాత అక్కడి మన దేశ ప్రతినిధి కార్యాలయమును తానే ఆశ్రయించి తిరిగి వచ్చినాడు. దాచుకొనుటకు తీయలేదు కదా యని వాదము. కొంతకాలము వాడుకొనుటకై తీసినను, ఆ కాలమునకు యజమానికి అక్రమనష్టము కలిగించిన యెడల అది దొంగతనమేయని న్యాయస్థానము చెప్పినది. కావున మన చట్టము దృష్టిలో రాత్రి విహారమునకై కారు తీసికొనిపోయినవాడును దొంగయే.

అయితే ఒక జాగ్రత్త. నమ్మి అప్పగించిన బండిని తిరిగి ఈయకపోవుట వేరు నేరము, అది నమ్మకద్రోహము. బండిని అద్దెకో చేబదులుకో ఇచ్చి పోగొట్టుకొన్నవారితో బీమా కంపెనీలు ఈ భేదమును పట్టుకొని వాదించుట కలదు.

ఇక రెండవ సంగతి. దొంగకు, బీమాకు మొదట పోరు జరిగినది మన దేశమున కాదు, అమెరికాలో. అక్కడ 1897లో వెస్టుఫీల్డు పట్టణపు గిల్బర్టు లూమిస్ అనునతడు తీసికొన్నదే తొలి మోటారు పాలసీలలో ఒకటిగా చెప్పుదురు. అది ఇతరులకు కలుగు హానికి సంబంధించిన పాలసీ. చౌర్యము అప్పటికి ఎవరి తలంపునను లేదు. హెన్రీ ఫోర్డు చౌక కార్లు వచ్చిన తరువాత కథ మారినది. కార్లన్నియు ఒకే పోలికవి; ఒక రాష్ట్రమున దొంగిలించి సరిహద్దు దాటించినచో అక్కడి పోలీసులకు పని లేదు. బీమా కంపెనీలు తమ సొమ్ము పోవుచున్నదని గ్రహించి 1912 నాటికే కలిసికట్టుగా కారు దొంగల జాడ తీయు సంస్థను పెట్టుకొన్నవి. 1919లో అమెరికా కాంగ్రెసు డయ్యరు అను సభ్యుని పేర ప్రసిద్ధమైన చట్టమును చేసి, దొంగిలించిన వాహనమును రాష్ట్రము దాటించుటను కేంద్ర నేరముగా చేసినది. దొంగను పట్టుటకు పోలీసుల కంటె లెక్కల గుమాస్తాలు ముందుగా కదలిన సందర్భమిది.

తరువాతి అధ్యాయము తాళములది. పశ్చిమ జర్మనీలో 1960 దశకపు మొదటి సంవత్సరములలో కొత్త, పాత భేదము లేక కార్లన్నిటికిని స్టీరింగు తాళము ఉండవలెనని శాసించిరి; 1963 నాటికి అది అన్ని కార్లకు వర్తించినది. దొంగతనములు స్పష్టముగా తగ్గినవి. బ్రిటనులో 1971 నుండి కొత్త కార్లకు మాత్రమే ఆ తాళము పెట్టిరి. ఫలితమేమి? దొంగలు కొత్త కార్లను విడిచి పాత కార్ల మీద పడిరి. తాళము గల ఇల్లు వదలి తాళము లేని ఇల్లు వెదకుట దొంగకు కొత్త విద్య కాదు కదా! ఐరోపాలో 1998 అక్టోబరు నుండి కొత్త కార్లకు, సరియైన తాళపుచెవి లేనిదే ఇంజను కదలని విద్యుత్ ఏర్పాటు తప్పనిసరియైనది. అమెరికాలో అట్టి నిర్బంధము లేకపోవుటచే ఆ ఏర్పాటు లేని కొన్ని కొరియా కార్లను సులువుగా ఎత్తుకొనిపోవు విధము 2021 నుండి కుర్రవాండ్రలో పాకిపోయినది. 2023లో కొన్ని నగరములలో కొన్ని బీమా కంపెనీలు ఆ కార్లకు కొత్త పాలసీలు ఈయమని చెప్పివేసినవి. దొంగతనము చేసినవాడొకడు, తాళము పెట్టని తయారీదారు మరొకడు. పాలసీ దొరకక తిరిగినది కారు కొన్న గృహస్థు.

మన దేశమునకు వత్తము. 1939 మోటారు వాహనముల చట్టములోని ఎనిమిదవ అధ్యాయము 1946 జులై 1 నుండి అమలైనది. రోడ్డుపై నడచు ప్రతి వాహనమునకు బీమా ఉండవలెనని అది శాసించినది. 1988లో వచ్చిన కొత్త చట్టమును ఆ శాసనమును నిలిపినది. ఇచ్చటనే శ్రోతలు ఒక మాటను చెవిని వేసికొనవలెను. ఆ నిర్బంధ బీమా మూడవ పక్షము వారి కొఱకు. అనగా మన బండి వలన దారిన పోవువారికి కలుగు హాని కొఱకు. మన బండి పోయిన దానితో ఆ బీమాకు సంబంధమే లేదు. పోలీసులు అడిగినప్పుడు చూపుటకు చౌకలో దొరకు కాగితము కొనుక్కొని, బండి పోయిన నాడు దానిని పట్టుకొని బీమా కార్యాలయమునకు పోయినవారు నిరాశతో తిరిగి రావలసినదే. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారుకు మూడేండ్లకు, కొత్త ద్విచక్ర వాహనమునకు ఐదేండ్లకు ఈ మూడవ పక్షపు బీమాను ఒకేసారి తీసికొనవలెనను నియమము సుప్రీం కోర్టు ఆజ్ఞపై వచ్చినది. ఐదేండ్ల బీమా కట్టితిమను తృప్తిలో, చౌర్యమునకు వర్తించు భాగము మొదటి యేటితోనే ముగిసియుండవచ్చునన్న సంగతి మరుగున పడుచున్నది. మాకు తెలిసిన ఇండ్లలోనే ఇట్లు జరిగినది.

చౌర్యమునకు వర్తించునది సమగ్ర పాలసీ. 1973 జనవరి 1న 107 కంపెనీలను నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా కూర్చిన తరువాత చాలకాలము ప్రీమియము దేశమంతట ఒకే పట్టిక ప్రకారము ఉండెను. 2002 జులై 1 నాటి పట్టికలో కార్లకు, ద్విచక్ర వాహనములకు దేశమును రెండు మండలములు చేసిరి. హైదరాబాదు సహా ఎనిమిది నగరములు మొదటి మండలము. తక్కిన దేశమంతయు రెండవది. నిజాంసాగరము వాని బండికి పట్టణపు వాని బండి కంటె ప్రీమియము కొంచెము తక్కువ. మెచ్చుకొన్న చౌర్యనిరోధక పరికరమును కారునకు అమర్చుకొన్నవారికి తగ్గింపు కలదు. ఎంత? సొంత నష్టపు ప్రీమియముపై నూటికి రెండున్నర, అదియును 500 రూపాయలు మించకుండ. పరికరము ఖరీదు దాని కంటె ఎన్ని రెట్లో చెప్పనక్కర లేదు. జర్మనీ తాళమును శాసించినది. మన పట్టిక తాళమునకు పప్పుబెల్లములు పంచినది. 2007 జనవరి 1 నుండి సొంత నష్టపు ప్రీమియమును కంపెనీలు తామే నిర్ణయించుకొనవచ్చునని విడిచిపెట్టిరి. ఈ వ్యవహారమునంతయు చూచు బీమా నియంత్రణ సంస్థ మన హైదరాబాదులోనే యున్నది.

బండి పోయినప్పుడు ఎంత సొమ్ము వచ్చును? కొన్న ధర రాదు. పాలసీ తీసికొను నాడు బండికి కట్టిన విలువ వచ్చును. ఆరు నెలల లోపు బండికి నూటికి 5, ఏడాది లోపు 15, రెండేండ్ల లోపు 20, మూడేండ్ల లోపు 30, నాలుగేండ్ల లోపు 40, ఐదేండ్ల లోపు 50 చొప్పున ధరలో తగ్గించి ఆ విలువ కట్టుట పట్టిక నేర్పిన లెక్క. ప్రీమియము కొంచెము తగ్గునన్న ఆశతో విలువను తక్కువ వ్రాయించుకొన్నవాడు బండి పోయిన నాడు ఆ తక్కువనే పుచ్చుకొనును. మరియు, సొమ్ము అడుగని యేండ్లకు ప్రతిఫలముగా ఐదేండ్లలో నూటికి 50 వరకు పెరుగు తగ్గింపు ఒక్క చౌర్యపు దరఖాస్తుతో మొదటికి వచ్చును. దొంగ చేసిన పనికి యజమాని లెక్క చెరిగిపోవుట మాకు న్యాయముగా తోచదు. కాని లెక్క అట్లే యున్నది.

ఇప్పుడు ‘తక్షణము’ అను మాటకు వత్తము. పాలసీలోని మొదటి షరతు రెండు వాక్యములుగా నున్నది. ప్రమాదము జరిగినప్పుడు కంపెనీకి తక్షణము వ్రాతమూలముగా తెలుపవలెనని మొదటిది. చౌర్యము వంటి నేరము జరిగినప్పుడు పోలీసులకు తక్షణము తెలిపి, నేరస్థునికి శిక్ష పడుటలో కంపెనీకి తోడ్పడవలెనని రెండవది. చదివినవారికి ఈ భేదము కనిపించవలసినదే. కాని మొదటి వాక్యములోని ‘కంపెనీకి తక్షణము’ అను దానిని కంపెనీలు చౌర్యమునకు కూడ వర్తింపజేసినవి. బండి పోయినవాడు ఏమి చేయును? ఠాణాకు పోవును. ఆ పిమ్మట బంధువులను, మిత్రులను వెంటబెట్టుకొని ఊరూర వెదకును. పాత ఇనుప సామాను దుకాణములు గాలించును. నేడో రేపో దొరకునని ఆశపడును. ఆశ అంతయు అడుగంటిన తరువాతనే బీమా కాగితము వెదకి తీయును. అప్పటికి నెల గడచును. కంపెనీ ఒక చిన్న ఉత్తరము పంపును: ఆలస్యమైనది, షరతు భంగమైనది, సొమ్ము రాదు.

1995 జనవరిలో ఉత్తర దేశమున ఒకని కారు పోయినది. అతడు జనవరి 20ననే పోలీసులకు తెలిపెను. కంపెనీకి తెలిపినది మే 22న. వినియోగదారుల న్యాయస్థానములు సొమ్ము ఇమ్మనినవి. వ్యాజ్యము సుప్రీం కోర్టు వరకు పోయి 2010 ఆగస్టు 17న ముగిసినది. అప్పటికి కారు పోయి పదునైదేండ్లు. కంపెనీకి సకాలమున తెలియజేయకపోవుటచే, బండిని వెదకు అవకాశము వారికి లేకపోయినదని కోర్టు తలచి కంపెనీ పక్షమున తీర్పు చెప్పినది. ఈ తీర్పును దేశమంతట కంపెనీలు తాయెత్తువలె కట్టుకొని తిరిగినవి. ఎనిమిది దినముల ఆలస్యమునకు కూడ సొమ్ము నిరాకరించిరి. నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరు 20న కంపెనీలకు ఒక ఆదేశము పంపి, ఆలస్యమను ఒక్క సాకుతో న్యాయమైన దరఖాస్తులను త్రోసివేయరాదని చెప్పినది. ఆదేశమైతే వెళ్ళినది, తిరస్కారపు ఉత్తరములు ఆగలేదు.

2017లో సుప్రీం కోర్టు మరియొక ధర్మాసనము ఎనిమిది దినముల ఆలస్యము గల ఒక లారీ కేసులో వేరు విధముగా చెప్పినది. బండి పోయినవాడు బీమా ఆఫీసునకు పరుగెత్తడు, మొదట బండిని వెదకును, అది మనుష్య స్వభావము అని ఆ తీర్పు సారము. రెండు తీర్పులు రెండు దారులు చూపినప్పుడు క్రింది న్యాయస్థానములు ఏ దారిని పోవలెను?

ఆ ప్రశ్నను తెచ్చినది కారు కాదు, ఒక ట్రాక్టరు. పంజాబు రైతు ఒకని ట్రాక్టరు 2010 అక్టోబరు 28న పోయినది. ఆ దినముననే పోలీసులు కేసు నమోదు చేసిరి. కంపెనీకి దరఖాస్తు చేరినది డిసెంబరు 15న. ఆలస్యము 52 దినములనిరి, సొమ్ము లేదనిరి. జిల్లా ఫోరములో రైతు గెలిచెను, రాష్ట్ర కమిషనులో గెలిచెను, జాతీయ కమిషనులో ఓడెను. సుప్రీం కోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు, మునుపటి తీర్పులు పొసగకుండుట చూచి, ముగ్గురి ధర్మాసనమునకు పంపిరి. ఆ ముగ్గురిలో ఇద్దరు తెలుగువారు. ఒకరు కృష్ణా జిల్లా పొన్నవరమునకు చెందిన నూతలపాటి వెంకట రమణగారు. మరియొకరు మంజీరా నది నిజాంసాగరమునకు వచ్చు దారిలోనిదే యగు మెదకు జిల్లాలో పుట్టిన ఆర్. సుభాష్ రెడ్డిగారు. మూడవవారు బి.ఆర్. గవాయ్ గారు. 2020 జనవరి 24న వీరు ఇచ్చిన తీర్పు పెద్దది కాదు. కాని షరతులోని రెండు వాక్యములను విడదీసి చదివినది. మొదటి వాక్యము ప్రమాదమునకు. ప్రమాదమైనప్పుడు కంపెనీ తన సర్వేయరును పంపి నష్టమును అంచనా కట్టించుకొనవలెను గనుక తక్షణము తెలియవలసినదే. చౌర్యములో సర్వేయరు వచ్చి చూచుటకు బండియే లేదు కదా! అక్కడ తక్షణము తెలియవలసినది పోలీసులకు. పోలీసులకు వెంటనే తెలిపి, దొంగతనము నిజమని తేలిన యెడల, కంపెనీకి తెలుపుటలో జరిగిన ఆలస్యము ఒక్కటే సొమ్ము నిరాకరించుటకు చాలదు.

ఆ షరతు 2020లో కొత్తగా వ్రాసినది కాదు. 1995లో కారు పోయిన నాటి నుండి తగవులాడినవారందరు దానినే చేత బట్టుకొని తిరిగిరి. రెండు వాక్యముల నడుమనున్న భేదమును నిలిపి చెప్పుటకు ఇరువదియైదేండ్లు పట్టినది. ఈ నడుమ ఎందరు చిన్న యజమానులు తిరస్కారపు ఉత్తరమును నమ్మి, న్యాయస్థానము మెట్లెక్కక, బండి అప్పును కూలిచేసి తీర్చుకొనిరో ఏ పుస్తకములోను లెక్క దొరకదు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన మరియొక లారీ కేసులో, పోలీసులకు మరునాడే చెప్పి కంపెనీకి ఐదు నెలల తరువాత చెప్పినవారికి కూడ సుప్రీం కోర్టు ఈ మార్గముననే న్యాయము చేసినది.

అంతమాత్రమున కంపెనీల చేతిలో వాదములు లేకపోలేదు. బండికి తాళము వేసితిరా? రెండు తాళపుచెవులును ఉన్నవా? కారును సొంతమునకని బీమా చేయించి బాడుగకు త్రిప్పితిరా? ఈ ప్రశ్నలు వచ్చును. బాడుగ విషయమున 2008లో సుప్రీం కోర్టు, చౌర్యము జరిగిన కేసులో బండిని దేనికి వాడిరన్నది ముఖ్యము కాదని చెప్పి, దరఖాస్తును పూర్తిగా త్రోసిపుచ్చరాదన్నది; నూటికి 75 వంతున ఇప్పించిన తీర్పును నిలిపినది. 2023 జులైలో ఒక లారీ కేసు వచ్చినది. డ్రైవరు ఒక చోటు ఎక్కడనో విచారించుటకై దిగినాడు. చెవి బండిలోనే యుండెను. వచ్చి చూచునప్పటికి లారీ లేదు. అజాగ్రత్త నిజమే గాని అది సొమ్మంతయు నిరాకరించునంత పెద్ద భంగము కాదని అక్కడను నూటికి 75 ఇప్పించిరి. ఆ పోయిన నాల్గవ వంతు చెవిని బండిలో విడిచినందుకు చెల్లించిన వెల. ‘ఒక్క నిమిషమే కదా’ యని చెవిని బండికే వ్రేలాడనిచ్చి చాయ త్రాగబోవు అలవాటు మన వైపు ఎంత గలదో శ్రోతలకే తెలియును. మాకును ఆ అలవాటు కొంతకాలముండెను. ఒప్పుకొనుటకు సిగ్గు లేదు.

శిక్షాస్మృతి కూడ మారినది. 2024 జులై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలోని 305వ సెక్షను, సరకులను గాని ప్రయాణికులను గాని చేరవేయు వాహనము యొక్క చౌర్యమును వేరుగా పేర్కొని ఏడేండ్ల వరకు శిక్ష విధించుచున్నది. పాత స్మృతిలో సాధారణ చౌర్యముగా దీనికి మూడేండ్లే. దానితో వచ్చిన నాగరిక సురక్షా సంహిత ప్రకారము నేరము ఎక్కడ జరిగినను ఏ ఠాణాలోనైనను తెలుపవచ్చును. ఫోను మూలముగా పంపినచో మూడు దినములలో పోయి సంతకము చేయవలెను. పొలము ఒక ఠాణా క్రింద, ఇల్లు ఒక ఠాణా క్రింద నుండి, ‘ఇది మా పరిధి కాదు, అటు పో’ యని త్రిప్పించుకొన్నవారికి దీని విలువ తెలియును. ‘తక్షణము’ అను మాటకు ఋజువు ఆ మొదటి నివేదిక మీద పడు తేదీయే.

దొరికిన బండ్ల మాట ఒకటి మిగిలినది. ఏ ఠాణా ఆవరణలోనైనను వేపచెట్టు క్రింద తుప్పు పట్టిన మోటారు సైకిళ్ళు గుట్టగా పడియుండుట మనకు అలవాటైన దృశ్యము. వానిలో కొన్ని కేసులలో పట్టుబడినవి, కొన్ని ప్రమాదములలోనివి, కొన్ని దొంగల నుండి దొరికినవి. కొన్నిటి యజమానులు బీమా సొమ్ము పుచ్చుకొనియుందురు. అప్పుడా బండి కంపెనీది. కొందరు యజమానులకు తమ బండి దొరికినదన్న కబురే చేరియుండదు. 2002 అక్టోబరులో గుజరాతు నుండి వచ్చిన ఒక కేసులో సుప్రీం కోర్టు ఈ గుట్టలను గూర్చియే చెప్పినది. పట్టుబడిన వాహనములను ఏండ్ల తరబడి ఠాణాలలో ఉంచుట నిరుపయోగము. తగిన పూచీకత్తు తీసికొని వెంటనే యజమానికి అప్పగింపవలెను. యజమాని గాని కంపెనీ గాని రానిచో మేజిస్ట్రేటు ఆజ్ఞపై వేలము వేయవలెను. ఆ తీర్పు వచ్చి రెండు దశాబ్దములు దాటినది. మేము నిజాంసాగరము నుండి తిరిగి వచ్చు దారిలో ఒక ఠాణా ముందు బస్సు ఆగినది. ప్రహరీగోడ మీదుగా చూచితిమి. ఒక ట్రాక్టరు ముందు చక్రములు నేలలోనికి దిగియుండెను. బానెట్టు మీదికి తీగ ప్రాకి పూచియుండెను.